జనాదరణ పొందిన పాటలు, సినిమాలు, నవలలు ఇష్టపడేవారు వాటిని సమర్థించుకోవడం ఎలా?

ప్రశ్న:

మిత్రులకు నమస్కారం. నేను శాస్త్రీయ సంగీతం వింటాను, గంభీరమైన సాహిత్యమూ చదువుతాను. అయితే తీరిక దొరికినప్పుడల్లా చేతికి వచ్చేది అపరాధ పరిశోధన నవల, పెదవుల మీద ఆడేది జనం నోట నానిన ఏదో ఒక హుషారు పాట. ఈ మాట సాహిత్యాభిమానుల మధ్య చెప్పినప్పుడు ఎదురయ్యే పెదవి విరుపుకు ఏమని బదులివ్వాలో నాకు తెలియడం లేదు. "ఏదో కాలక్షేపానికి లెండి" అంటే నా ఇష్టాన్ని నేనే తక్కువ చేసుకున్నట్లవుతుంది. ఇన్ని లక్షల మంది మెచ్చుకున్నారు కదా అంటే, జనం మెచ్చినదల్లా గొప్పదేనా అన్న ఎదురు ప్రశ్న వస్తుంది, అది న్యాయమైన ప్రశ్నే. లోకో భిన్నరుచిః అని ఊరుకుంటే సంభాషణ అక్కడితో తెగిపోతుంది. వీటిలో ఒకటి నిజంగా నిలబడే వాదన అవుతుందా, లేక మరో దారి ఉందా?

మొదటి జవాబు:

మీరు చెప్పిన మూడు సమాధానాల్లోనూ ఒకే లోపం ఉందండి. ఒకటి మీ తీరిక గురించి, ఇంకొకటి జనం సంఖ్య గురించి, మరొకటి మనుషుల స్వభావం గురించి మాట్లాడుతుంది. ఆ పాట ఏం చేస్తోందో, ఆ నవల ఎలా నడుస్తోందో వాటిలో ఒక్కటీ చెప్పదు. నా అనుభవంలో అవతలివారిని కాస్త ఆగి వినేలా చేసేది పనితనాన్ని విప్పి చూపించడం మాత్రమే.

ఉదాహరణకు చాలా హుషారు పాటల్లో చివరిసారి పల్లవి రావడానికి ముందు తాళవాద్యాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయి, గొంతు, దానికి తోడుగా సన్నగా ఒకే ఒక వాద్యం మిగులుతాయి. ఆ ఖాళీలో వినేవారు తెలియకుండానే తమ వేళ్లతోనో పాదంతోనో తాళం వేస్తూ పోతారు, ఆగిపోయిన దెబ్బ ఎక్కడ పడాలో వారి ఒంటికి తెలుసు కనుక. డ్రమ్ములు, బేస్ గిటారు సరిగ్గా అక్కడే కలిసి పడేసరికి, అప్పటికే రెండు మూడు సార్లు విన్న పల్లవి అంతకు ముందెన్నడూ లేనంత బలంగా వినిపిస్తుంది. శబ్దం పెంచకపోయినా పెరిగినట్లే ఉంటుంది. ఇది యాదృచ్ఛికంగా జరిగేది కాదు, ఎవరో కూర్చుని ఎన్ని మాత్రలు ఆపాలో తేల్చుకున్న ఫలితం. ఆ నిశ్శబ్దం అవసరానికి మించి సాగితే పాట చతికిలబడుతుంది.

సినిమా విషయంలో ఈ పద్ధతి చరిత్రలోనే నెగ్గింది. ఉత్కంఠ చిత్రాల దర్శకుడు హిచ్‌కాక్‌ను చాలామంది విమర్శకులు నేర్పరి అయిన వినోదకారుడిగా మాత్రమే చూస్తున్న 1950లలో, ఫ్రాన్స్‌లోని కైయే దు సినేమా పత్రికలో రాసే యువకులు ఆయన చిత్రాలను షాట్ల వారీగా విశ్లేషించారు. వారిలో ఇద్దరు, రోమెర్, షబ్రోల్, 1957లో ఆయన మీద ఒక పుస్తకమే రాశారు. అదే పత్రికలో రాసిన త్రుఫో 1962లో ఆయనతో రోజుల తరబడి మాట్లాడి, ఆ సంభాషణలను 1966లో పుస్తకంగా వెలువరించాడు. విడుదలైన 1958లో మిశ్రమ స్పందన పొందిన ఆయన చిత్రం వెర్టిగో, 2012 నాటికి సైట్ అండ్ సౌండ్ అనే బ్రిటిష్ సినిమా పత్రిక విమర్శకుల ఓటింగులో మొదటి స్థానానికి చేరింది. ఇందులో ఆ సినిమా ఎంత వసూలు చేసిందన్న ప్రస్తావన ఎక్కడా లేదు, గమనించండి.

రెండో జవాబు:

పై మిత్రుడి ఓపికకు నమస్కారం. కానీ పెదవి విరిచే వ్యక్తి నిజంగా పాట గురించి మాట్లాడుతున్నాడా అన్నది నా సందేహం. ఫ్రెంచి సామాజికశాస్త్రవేత్త బూర్దియూ 1979లో ప్రచురించిన గ్రంథంలో చూపినట్లు, అభిరుచి చాలాసార్లు మనిషి చదువునూ సమాజంలో అతని స్థానాన్నీ చాటుకునే సాధనం. తన మెట్టు చూపించుకోవాలనుకునేవాడికి బేస్ గిటారు ఎక్కడ పడిందో చెబితే ప్రయోజనం ఏముంటుంది?

మూడో జవాబు:

ప్రయోజనం అతనికి లేకపోవచ్చు, పక్కన కూర్చుని వింటున్నవారికి ఉంటుంది. నేను అపరాధ పరిశోధన నవలల పాఠకుడిని కాబట్టి ఆ వైపు నుంచి ఒక మాట చెబుతాను.

అమెరికన్ విమర్శకుడు ఎడ్మండ్ విల్సన్ 1944, 1945లలో న్యూయార్కర్ పత్రికలో ఈ నవలలను తీవ్రంగా ఈసడించాడు. ఆ తర్వాత 1948లో ఆడెన్ అనే కవి వాటిని సమర్థించిన తీరు విచిత్రంగా ఉంటుంది. తనకు ఇవి పొగాకు, మద్యం లాంటి వ్యసనమనీ, కళతో వీటికి సంబంధం లేదనీ ముందే ఒప్పేసుకుని, ఆ వెంటనే అరిస్టాటిల్ విషాద నాటకానికి చెప్పిన లక్షణాల పక్కన పెట్టి వాటి నిర్మాణాన్ని శ్రద్ధగా విప్పాడు. లేని గొప్పతనం అంటగట్టకపోవడం వల్లనే ఆ వ్యాసం నాకు నమ్మకంగా అనిపిస్తుంది.

మనవైపు నుంచి జరగవలసిన పని మరొకటి ఉంది, అది మనలో చాలామందికి రుచించదు. మనం ఇష్టపడే కోవలో నాసిరకం ఏదో మనమే చెప్పగలగాలి. మంచి నవలలో ఆధారం పాఠకుడి కళ్ల ముందే ఉంటుంది: బల్ల మీద ఉన్న వస్తువులు వరసగా చెబుతూ నడుమన కళ్లజోడు పేరు పెట్టి, వాక్యం పూర్తి కాగానే తలుపు తట్టిన చప్పుడు వినిపిస్తారు; మన చూపు తలుపు వైపు పోతుంది, కళ్లజోడు అక్కడే ఉండిపోతుంది. పేలవమైన నవలలో అయితే అంతవరకు ఊసే లేని ఉత్తరం ఒకటి చివరి అధ్యాయంలో ఊడిపడుతుంది. ఈ రెండింటికీ తేడా చెప్పలేక మొత్తాన్నీ వెనకేసుకొచ్చే అభిమాని, మొత్తాన్నీ తీసిపారేసే విమర్శకుడికి కవల సోదరుడే.

ప్రశ్న అడిగినవారి స్పందన:

అందరికీ కృతజ్ఞతలు. ఒక చిక్కు మాత్రం మిగిలింది. నాకు ప్రాణప్రదమైన ఒక పాటలో సాహిత్యం నిజంగానే పేలవంగా ఉంటుంది. ప్రాస కోసం అతికించిన మాటలవి, వాటిలో పనితనం ఎంత వెతికినా కనబడదు. అయినా ఆ పాట వింటే కదిలిపోతాను. దీన్ని ఎలా సమర్థించుకోవాలి?

మొదటి జవాబు రాసినవారు:

బుద్ధి ససేమిరా ఒప్పుకోని పుస్తకం కూడా మనిషిని అలరించగలదనీ, కదిలించగలదనీ ఆంగ్ల రచయిత ఆర్వెల్ 1945లో ఒక వ్యాసంలో వాదించాడు. కాబట్టి మీ పరిస్థితి మీ ఒక్కరిదే కాదు. కానీ అంతకంటే ముందు ఆ మాటలను కాగితం మీద చదవడం మాని, స్వరంతో కలిపి మళ్లీ వినమంటాను. పై స్థాయి స్వరాలు వచ్చేచోట "ఆ" వంటి దీర్ఘాచ్చు ఉన్న మాట పడిందేమో చూడండి. అటువంటి చోట గాయకుడు నోరు పూర్తిగా తెరిచి గొంతు సాగదీయగలుగుతాడు. అర్థంలో దానికంటే మేలైన మాట అక్కడ పెడితే ఆ గమకమే పలకకపోవచ్చు. ప్రాస కోసం అతికించారని మీరు అనుకున్నది పాడటానికి వీలుగా ఎంచుకున్నది అయ్యే అవకాశం ఉంది. అలా విన్న తర్వాత కూడా మాటలు పేలవంగానే తోస్తే, ఎవరైనా అడిగినప్పుడు ఆ సంగతి మీరే ముందు చెప్పండి, గాయకుడు ఆ స్వరం దగ్గర ఏం చేశాడో దాని వెంటనే చెప్పండి.