ఇంటర్‌సెప్షన్ నష్టాన్ని ఫీల్డ్ పొజిషన్ (మైదానంలో బంతి ఉన్న చోటు) నుంచి విడదీసి లెక్కించేదెలా?
ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) గణాంకాలు తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి. సొంత 30 గజాల గీత దగ్గర థర్డ్ డౌన్ (నాలుగు ప్రయత్నాల్లో మూడోది), ఇంకా 12 గజాలు కావాలి. 45 గజాల లాంగ్ పాస్‌ను డిఫెండర్ పట్టుకుని (ఇదే ఇంటర్‌సెప్షన్) అక్కడే పడిపోతే అవతలి జట్టు తన 25 నుంచి మొదలెడుతుంది. పంట్ కొట్టినా (బంతిని దూరంగా తన్ని అవతలివాళ్లకు ఇచ్చేసినా) దాదాపు అంతే కదా! అదే సొంత 15 దగ్గర ఫంబుల్ అయి (బంతి చేజారి) వాళ్లకు పోతే, ఒక్క గజం కదలకుండానే వాళ్లకు సుమారు 33 గజాల ఫీల్డ్ గోల్ (గోల్‌పోస్టుల మధ్యకు తన్ని పాయింట్లు సాధించే) అవకాశం సిద్ధం. రెండింటికీ ఒకే మార్కు వేయడం అన్యాయం. ఎక్స్‌పెక్టెడ్ పాయింట్స్ (ఆ స్థితి నుంచి సగటున వచ్చే పాయింట్లు) తేడా తీశాక ఫీల్డ్ పొజిషన్‌ని మళ్లీ కలిపితే ఒకే నష్టం రెండుసార్లు పడుతుందా? పైగా వెనకబడ్డ జట్టు నాలుగో క్వార్టర్‌లో తెగించి విసిరే పాస్‌లు ఎక్కువగా ప్రత్యర్థికి దొరికిపోతాయి. అప్పటికే మ్యాచ్ చేజారి ఉంటుంది. వాటిని ఎలా వడకట్టాలి? ఫోర్త్ డౌన్ (చివరి ప్రయత్నం) విఫలమైతే అధికారిక టర్నోవర్ (బంతి కోల్పోవడం) లెక్కలో రాదు, బంతి మాత్రం పోతుంది. దాన్నీ కలపాలా?