చేతిలో ఎన్‌ఐటీ సీటు ఉండగా 20 లక్షల అప్పుతో బిట్స్‌లో చేరడం తెలివేనా?

కాజీపేట జంక్షన్ (చర్చ మొదలుపెట్టినవారు)
ప్రైవేటు సంస్థ బిట్స్ పిలానీ ప్రవేశ పరీక్ష బిట్‌శాట్‌లో హైదరాబాద్ క్యాంపస్ ఎలక్ట్రానిక్స్ అందే మార్కులు. జేఈఈ మెయిన్‌లో వరంగల్ ఎన్‌ఐటీ మెకానికల్ అందే ర్యాంకు. ఈ రెండూ ఒకే పిల్లవాడికి వస్తే ఇంట్లో రోజూ పంచాయితీయే. బిట్స్‌కు నాలుగేళ్లలో హాస్టలు, మెస్సు కలిపి రమారమి 25–30 లక్షలు. ఎన్‌ఐటీలో ట్యూషన్ ఫీజు ఏడాదికి 1.25 లక్షలు. జీతం మీద బతికే ఇల్లయితే బిట్స్ కోసం 20 లక్షల బ్యాంకు లోను తప్పదనుకుందాం. నా ఓటు ఎన్‌ఐటీకే. కాదనేవాళ్లు లెక్కతో రండి. "బ్రాండు" అనే ఒక్క మాట పట్టుకుని రావద్దు.

శామీర్‌పేట చెరువు
బ్రాండు మాట ఎత్తను, బ్రాంచి మాట ఎత్తుతాను. మెకానికల్‌లో చేరి మొదటి ఏడాది అయ్యాక బ్రాంచి మారదామనుకునేవాళ్లు ఎన్‌ఐటీలో క్లాసుకి సగం మంది ఉంటారు, మారేది వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే. బిట్స్ ఎలక్ట్రానిక్స్ నుంచి చిప్ డిజైన్‌కూ పోవచ్చు, సాఫ్ట్‌వేర్‌కూ పోవచ్చు.

రెండోది ప్రాక్టీస్ స్కూల్ (పీఎస్), అంటే చదువులో భాగంగా కంపెనీలో పని చేయడం. పీఎస్–1 రెండో ఏడాది అయ్యాక వేసవిలో సుమారు రెండు నెలలు. పీఎస్–2 చివరి ఏడాదిలో ఐదున్నర నెలలు. ఇది సెలవుల్లో చేసుకునే ఇంటర్న్‌షిప్ కాదు, సెమిస్టరు మొత్తం కంపెనీలోనే, క్రెడిట్లు దానికే. చాలా చోట్ల స్టైపెండ్ కూడా ఇస్తారు. పరిశోధన మీద మనసున్నవాళ్లు దాని బదులు థీసిస్ తీసుకోవచ్చు. ఎన్‌ఐటీలో ఆరు నెలల ఇంటర్న్‌షిప్ కావాలంటే ఎవరి తిప్పలు వాళ్లవి.

వడ్డీ వెంకన్న
జంక్షన్ గారు లెక్క అడిగారు కదా, ఇదిగో. 20 లక్షలను ఎనిమిది సెమిస్టర్లకు 2.5 లక్షల చొప్పున బ్యాంకు విడుదల చేస్తుంది. వడ్డీ 10 శాతం అనుకుందాం. చదువు నాలుగేళ్లు, ఆ తర్వాత వాయిదాలు మొదలుకాని ఒక ఏడాది విరామం. ఆ ఐదేళ్లూ సాధారణ వడ్డీయే వేసినా 6.5 లక్షలు పోగవుతుంది. అసలు 26.5 లక్షలకు చేరుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు ఈఎంఐ సుమారు 35,000.

ఇప్పుడు అదే లోనుకు వడ్డీని ఎప్పటికప్పుడు ఇంట్లోవాళ్లు కడుతూ పోతే? మొదటి సెమిస్టరులో నెలకు 2,083 రూపాయలు. ప్రతి సెమిస్టరుకూ ఇంకో 2,083 కలుస్తుంది. చివరి సెమిస్టరుకు నెలకు 16,667. విరామం ఏడాదిలోనూ అంతే. ఇలా కడితే ఈఎంఐ 26,430 దగ్గర మొదలవుతుంది, అంటే నెలకు 8,600 తేడా. "ఉద్యోగం వచ్చాక చూసుకుందాంలే" అనుకునే ఇళ్లు దెబ్బ తినేది ఇక్కడే. మొదటి రెండేళ్ల వడ్డీ చిన్నది, అప్పుడు కట్టడం ఎవరికైనా సాధ్యమే. కట్టరు, అంతే.

విద్యారుణానికి ఆదాయపు పన్ను మినహాయింపు ఉందిగా అని ఎవరో ఒకరు అంటారు. అది వడ్డీకే, అసలుకు కాదు. ఎనిమిదేళ్ల వరకే, అదీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే.

శామీర్‌పేట చెరువు
వెంకన్న గారూ, మీరు స్కాలర్‌షిప్ సంగతి వదిలేశారు. బిట్స్‌లో ప్రతిభతో పాటు కుటుంబ ఆదాయం కూడా చూసి ట్యూషన్‌లో 15 నుంచి 80 శాతం దాకా తగ్గిస్తారు. పైగా 2024 చివర్లో పీఎం విద్యాలక్ష్మి అనే కేంద్ర విద్యారుణ పథకం వచ్చింది. పేరున్న సంస్థల్లో సీటుకు ఇల్లూ పొలం తాకట్టు పెట్టకుండానే లోను ఇస్తారు.

వడ్డీ వెంకన్న
స్కాలర్‌షిప్ నిజమే. కానీ అది నాలుగేళ్లకు ఒకేసారి రాసిచ్చే కాగితం కాదు, గ్రేడు పడిపోతే అదీ పోతుంది. లెక్కలో మొదటి సెమిస్టరుకు మాత్రం వేసుకోండి.

విద్యాలక్ష్మిలో తాకట్టు, హామీదారు అక్కర్లేదన్నది సరే. 3 శాతం వడ్డీ రాయితీకి మాత్రం కుటుంబ ఆదాయం 8 లక్షలు దాటకూడదు. 10 లక్షల లోను వరకే, చదువు కాలానికీ ఆ తర్వాతి ఏడాది విరామానికే. ఏటా లక్ష మందికే ఇస్తారు, అందులోనూ ప్రభుత్వ సంస్థల్లో చదివేవాళ్లకు ప్రాధాన్యం. అప్పు పుట్టడానికి పనికొచ్చే పథకం అది, అప్పు తీరడానికి కాదు.

గ్రేడు షీటు
డబ్బు మీద ఇంత సేపు మాట్లాడారు, ఆ డబ్బుతో పిల్లవాడు లోపల ఏం చేస్తాడో ఎవరూ అడగలేదు. బిట్స్‌లో హాజరు తప్పనిసరి కాదు. ఇంటర్‌లో పొద్దున్న ఆరు నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్లలో కూర్చోబెట్టి చదివించిన మన కార్పొరేట్ కాలేజీల పిల్లలకు ఇది పెద్ద ఉచ్చు. తరువాయి ఎలా జరుగుతుందో చెబుతాను. ఆగస్టులో తరగతులు మానడం మొదలవుతుంది. హెచ్చరిక ఎవరూ పంపరు. మిడ్‌సెమ్‌లో క్లాసు సగటు కన్నా పది మార్కులు కిందికి పడతాడు. గ్రేడు పూర్తిగా సాపేక్షం: నీకెంత వచ్చిందని కాదు, సగటుకు ఎంత ఎడంగా ఉన్నావన్నది లెక్క. ఏ అంటే 10, ఏ మైనస్ 9, బి 8, అలా దిగుతూ డి 4, ఈ 2. ఇక సెమిస్టరు చివరి పరీక్ష కాంప్రేలో ఆ లోటు పూడ్చాలి. పక్కవాళ్లంతా జిల్లా ఫస్టులే, సగటు ఎందుకు ఆగుతుంది? కీలకమైన సబ్జెక్టులో ఎన్‌సీ (నాట్ క్లియర్డ్, అంటే గట్టెక్కలేదని) పడితే మళ్లీ చేయాల్సిందే.

డ్యుయల్ డిగ్రీ (ఎంఎస్సీ, బీఈ రెండూ కలిపి చదవడం) ఉచ్చు ఇంతకన్నా లోతు. "ఎంఎస్సీలో చేరితే ఏడాది తర్వాత కంప్యూటర్స్ వస్తుంది" అని కన్సల్టెంట్లు ఊదరగొడతారు. బీఈ బ్రాంచి ఇచ్చేది మొదటి ఏడాది సీజీపీఏను (గ్రేడ్ల సగటును) బట్టి. కంప్యూటర్స్‌కు పోటీ 9 పైన నడుస్తుంది, అదీ సాపేక్ష గ్రేడింగ్‌లో. రాకపోతే మిగిలింది తీసుకోవాలి. ఏది తీసుకున్నా కోర్సు ఐదేళ్లు, ఫీజు పది సెమిస్టర్లకు. వెంకన్న గారి లెక్కకు ఇంకో రెండు వాయిదాలు కలపండి.

కాజీపేట జంక్షన్
ఇంకో విషయం. బిట్స్‌లో కుల రిజర్వేషన్ లేదు. ఎన్‌ఐటీలో ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు ట్యూషన్ సున్నా. ఏ కులమైనా ఇంటి ఆదాయం లక్ష లోపైతే సున్నా, లక్ష నుంచి ఐదు లక్షల మధ్య అయితే మూడింట రెండొంతులు మాఫీ, అంటే ఏడాదికి 42,000 లోపే. సగం సీట్లు సొంత రాష్ట్రానివి కూడా: వరంగల్ తెలంగాణకు, తాడేపల్లిగూడెం ఆంధ్రకు. ఈ ఇళ్ల పిల్లలకు అసలు చర్చే అక్కర్లేదు. సికింద్రాబాద్‌లో ఇల్లుంది, శామీర్‌పేట బస్సెక్కి పోయి రావచ్చు అనుకుంటారేమో, కుదరదు. బిట్స్ పూర్తిగా రెసిడెన్షియల్, హాస్టలు, మెస్సు ఖర్చు తప్పదు.

శామీర్‌పేట చెరువు
ఆదాయం ఐదు లక్షల లోపున్న ఇంటికైతే ఎన్‌ఐటీయే, అక్కడ నేను వాదించను. ఎనిమిది లక్షలు దాటిన ఇంటి గురించి మాత్రం వెనక్కి తగ్గను. మెకానికల్ ఇష్టం లేని పిల్లవాడిని చవకని చెప్పి అందులో పడేస్తే, ఆ నష్టం ఏ ఈఎంఐ పట్టికలోనూ కనపడదు.

వడ్డీ వెంకన్న
ఒప్పుకుంటాను, ఒక షరతు మీద. ప్లేస్‌మెంట్ సగటు చూసి సంతకం పెట్టొద్దు. ఇద్దరికి కోటి వస్తే సగటు ఎగురుతుంది, మధ్యస్థం (జీతాలన్నీ వరుసగా పేరిస్తే సరిగ్గా నడిమిది) కదలదు. ఆ బ్రాంచికి మధ్యస్థ జీతం ఎంత, భాగహారంలో కింద వేసింది మొత్తం విద్యార్థులనా, పేరు నమోదు చేసుకున్నవాళ్లనా, ఈ రెండూ అడగండి. ఆ మధ్యస్థ జీతంలో నెలకు చేతికొచ్చేదానిలో ఈఎంఐ మూడో వంతు దాటితే ఆ సీటు మనది కాదు.

గ్రేడు షీటు
బిట్స్ వైపు మొగ్గేవాళ్లు ఐచ్ఛికాల జాబితా దగ్గర జాగ్రత్త. ఒక్కో కేటాయింపు విడతలో సీటు జాబితాలో దానంతట అదే పైకి జరుగుతుంది. ఇష్టం లేని క్యాంపస్–బ్రాంచిని మాటవరసకు పైన రాస్తే, రెండో విడతలో అదే వచ్చి కూర్చుంటుంది, పాతది పోతుంది. అలా జరగకూడదనుకుంటే, వచ్చిన సీటే చాలనే ఎంపిక ముందే పెట్టాలి. ఎన్‌ఐటీ సీట్లు పంచే జోసా కౌన్సెలింగ్ విడతలూ ఇదే నెలల్లో నడుస్తాయి. బిట్స్‌లో కట్టిన అడ్వాన్సు వెనక్కి రావాలంటే ఏ తేదీలోపు వదులుకోవాలో కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించుకోండి.