పెదవి ముద్ర మసకగా పడుతోంది. గుర్తింపుకు పనికొచ్చేలా ఎట్లా తీయాలి?

కడప_హౌస్‌సర్జన్
అందరికీ నమస్కారం. 40 మంది విద్యార్థుల పెదవి ముద్రలు తీసి, గీతల తీరును బట్టి రకాలు చెప్పే సుజుకి–సుచిహాషి వర్గీకరణ ప్రకారం విడదీసే చిన్న ప్రాజెక్టు ఇది. ట్రయల్‌గా తీసిన పదింటిలో ఆరు ముద్రలకు నడిమి భాగం ముద్దగా పడింది, గీతలు కనబడలేదు. వాడింది మెరుపు లిప్‌స్టిక్, మామూలు ఎ4 కాగితం. తప్పు ఎక్కడుంది? ఇంకోటి: లిప్‌స్టిక్ లేని పెదవి స్టీలు గ్లాసుకు తగిలితే ఆ ముద్రను పైకి తేవచ్చా? కోర్టులో దానికి విలువ ఎంత?

కర్నూలు_ఓరల్‌పాథ్
తప్పు లిప్‌స్టిక్‌లోనే మొదలైంది డాక్టర్. మెరుపు రకంలో నూనె ఎక్కువ, అది పెదవి గాడుల్లోకి జారి నిండిపోతుంది. గాడిలో రంగు చేరకుండా గట్టు మీదే నిలిస్తేనే గాడి తెల్ల గీతగా కనబడుతుంది. ముదురు రంగు మ్యాట్ తీసుకోండి. ఒకే స్టిక్కును అందరి మూతికీ రాయొద్దు, హెర్పిస్ అంటుకుంటుంది. స్పాచులాతో కొంచెం గీకి, మనిషికొక కొత్త బ్రష్షుతో పలచగా పూయండి.

ముందు తడి గాజుగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. పూసిన తర్వాత రెండు నిమిషాలు ఆగండి, ఈలోపు పెదవులు ఒకదానికొకటి రుద్దుకోకూడదు. నోరు మూసి, మూతి వదులుగా ఉండాలి. నోరు తెరిస్తే పెదవి సాగి గీతలు చెదిరిపోతాయి. సుమారు 10 సెంటీమీటర్ల పారదర్శక టేపు ముక్కను మొదట పెదవుల నడుమ ఆనించి, అక్కడి నుంచి రెండు సెలవుల (మూతి మూలల) దాకా సమానంగా అదమండి. తీసేటప్పుడు ఒక సెలవి నుంచి ఒకే ఊపులో లాగాలి. మధ్యలో ఆగితే ఆగిన చోట అడ్డగీత పడుతుంది, దాన్ని గాడి అనుకుని లెక్కేస్తారు. టేపును తెల్ల బాండ్ కాగితం మీద అంటించండి. మళ్లీ పూయకుండానే వరసగా నాలుగైదు ముద్రలు తీయండి. మొదటిది సాధారణంగా ముద్దగానే ఉంటుంది, రెండోది మూడోది బాగా వస్తాయి.

వర్గాలు మీకు తెలిసినవే: పెదవి పొడవునా నిలువు గీత మొదటి రకం, సగంలో ఆగితే దానికే ఉపరకం, కొమ్మలు చీలితే రెండు, ఒకదాన్నొకటి కోస్తే మూడు, వలలా ఉంటే నాలుగు, ఇందులో దేనికీ అందనివి ఐదు. ఒకే పెదవి మీద మూడు రకాలు ఉండడం మామూలే. అందుకే చాలామంది కింది పెదవి నడుమ 10 మిల్లీమీటర్లు మాత్రమే తీసుకుని, అక్కడ ఎక్కువగా ఉన్న రకాన్ని రాస్తారు. ఇద్దరు విడివిడిగా, పేర్లు చూడకుండా చదవాలి. వారం తర్వాత అవే ముద్రలు మళ్లీ చదివితే మీ లెక్కలో మీకే ఎంత తేడా వస్తుందో తెలుస్తుంది. ఈ పరీక్ష లేని ప్రాజెక్టును నేనైతే ఒప్పుకోను.

మన ఎండలకు మార్చి దాటితే సగం మంది పెదవులు పగిలి పొట్టు లేస్తాయి. పొట్టు అంచు అచ్చం కొమ్మ గీతలాగే పడుతుంది. పగుళ్లు, కుట్ల మచ్చలు, గ్రహణమొర్రి ఆపరేషన్ ఉన్నవాళ్లను విడిగా నమోదు చేయండి. గుట్కా నమిలి నోరు సరిగ్గా తెరుచుకోని వాళ్లనూ అంతే.

పెన్నేరు_సీన్‌టీం
గ్లాసు సంగతి నేను చెబుతా. పెదవి ఎర్రభాగం అంచుల్లో నూనెగ్రంథులుంటాయి, పైగా ఎంగిలి తడి. అందుకే లిప్‌స్టిక్ లేకపోయినా మరక మిగులుతుంది. గ్లాసుకు బయటివైపు సాధారణంగా దొరికేది కింది పెదవి ముక్కే. ఎత్తి పోసుకుని తాగేవాళ్లది అదీ దొరకదు, మన దగ్గర ఆ అలవాటున్నవాళ్లు తక్కువేం కాదు.

ముందు ఫోటో. పక్కన స్కేలు పెట్టి, కెమెరా నిటారుగా, లైటు పక్కనుంచి ఏటవాలుగా. స్టీలు మెరుపు కొడితే లైటుకు అడ్డంగా ట్రేసింగ్ పేపరు పట్టండి. గ్లాసు గుండ్రం కాబట్టి కొంచెం కొంచెం తిప్పుతూ మూడు నాలుగు ఫోటోలు తీస్తేనే అంచులు సాగకుండా వస్తాయి. తర్వాత నల్ల పౌడరు, మెత్తటి కొత్త బ్రష్షు. అయస్కాంతం అంటుకునే రకం స్టీలు మీద మాగ్నెటిక్ పౌడరు వాడొద్దు, గ్లాసే పౌడరును లాక్కుని అంతా నల్లబడుతుంది. లిప్‌స్టిక్ మరకయితే కొవ్వును పట్టే సుడాన్ రంగులు ల్యాబులో వాడతారు.

కానీ ఒకటి గుర్తుంచుకోండి: ఆ మరకలో డీఎన్ఏ ఉంది. ఫోటోలో గీతలు కనబడని ముద్రయితే పౌడరు జోలికి పోకుండా స్వాబ్ (దూదిపుల్ల)తో శాంపిల్ తీయండి. స్టెరైల్ నీళ్లతో తడిపిన స్వాబ్ ఒకటి, వెంటనే అదే చోట పొడి స్వాబ్ ఇంకోటి. రెండూ గాలికి ఆరాక కాగితం కవరులోనే. ప్లాస్టిక్‌లో పెడితే తడికి బూజు పట్టి శాంపిల్ పోతుంది. పౌడరు కొట్టే బ్రష్షు ముందు వస్తువు మీది కణాలను దీని మీదికి మోస్తుంది, కాబట్టి ఒక వస్తువుకు ఒకటే బ్రష్షు.

కడప_హౌస్‌సర్జన్
చాలా థ్యాంక్స్ సార్. గ్లాసు నుంచి టేపుతో ఎత్తిన ముద్రనూ, పెదవి నుంచి టేపుతో తీసిన ముద్రనూ పక్కపక్కన పెట్టి పోల్చొచ్చా?

కర్నూలు_ఓరల్‌పాథ్
నేరుగా పోల్చొద్దు, కుడి ఎడమలు తారుమారవుతాయి. పెదవి మీద పెట్టి తీసిన టేపును కాగితంపై అంటిస్తే, ఎదురుగా మనిషిని చూసినట్టే ఉంటుంది: ఆయన కుడి మీకు ఎడమన. గ్లాసు మీద పడింది స్టాంపు గుద్దినట్టు, టేపుతో ఎత్తినా ఆ వాటమే మిగులుతుంది: ఆయన కుడి మీకు కుడిన. ఒకదాన్ని కంప్యూటర్లో అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు మార్చాకే చూడాలి, మార్చినట్టు రికార్డులో రాయాలి. టేపు తీసేటప్పుడే మూలన "కు", "ఎ" అని రాసుకోండి.

అనంత_క్రిమినల్‌లా
విలువ గురించి. 1974లో సుచిహాషి 1364 మందిని పరిశీలించి, ఒకే తీరు ముద్రలు ఇద్దరికి కనబడలేదన్నాడు. అది శుభ్రంగా తీసిన పూర్తి ముద్రల మాట, గ్లాసు మీది అరముక్క మాట కాదు. అమెరికాలో ఇలినాయ్ అప్పీలు కోర్టు 1999లో డక్ట్ టేపు మీది పెదవి ముద్రను సాక్ష్యంగా ఒప్పుకుంది. తర్వాత ఆ శిక్షే రద్దయింది.

ఇక్కడ భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 39 కింద నిపుణుడి అభిప్రాయంగా పెట్టొచ్చు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదటి ప్రశ్న మాత్రం "మీ పద్ధతిలో తప్పు రేటు ఎంత?" అని వస్తుంది. 2022 నాటి క్రిమినల్ ప్రొసీజర్ (గుర్తింపు) చట్టం వేలిముద్ర, అరచేయి, పాదముద్ర, కనుపాప అని విడిగా చెప్పింది, పెదవి ముద్ర పేరు అందులో లేదు. వేలిముద్రలకున్నట్టు పోల్చడానికి డేటాబేసూ లేదు. "రెండూ రెండో రకమే" అన్నంత మాత్రాన ఒకే మనిషని తేలదు, ఆ రకం వేలమందికి ఉంటుంది. కొమ్మ ఎక్కడ చీలింది, సెలవి నుంచి ఎన్నో గీత, మచ్చ ఎక్కడ ఉంది, ఇవి ఒక్కొక్కటీ గుర్తుపెట్టి చూపించాలి. స్పష్టమైన తేడా ఒక్కటి దొరికి, దానికి పగులూ ఒత్తిడీ కారణం కాకపోతే, "ఇది ఇతనిది కాదు" అనడానికే ఈ ముద్ర ఎక్కువ పనికొస్తుంది.