కొత్త పార్టీకి 100 మంది సభ్యులు సిద్ధం. సభ ముందా, దరఖాస్తు ముందా?

ఓరుగల్లు_ఓటరు:
తెలంగాణలో కొత్త పార్టీ పెట్టాలనుకుంటున్నాం. 100 మంది ఓటర్లు సరిపోతారన్నారు, ఉన్నారు. వచ్చే నెల సభలో పేరు ప్రకటించి, ఆ తర్వాత రిజిస్ట్రేషన్ చూసుకుందామని ఆలోచన. రిజిస్టరైతే మా అభ్యర్థులందరికీ ఒకే గుర్తు వస్తుందా?

నిర్వాచన్:
సభ వాయిదా వేసుకోండి. ప్రజా ప్రాతినిధ్య చట్టం 29ఏ ప్రకారం పార్టీ ఏర్పాటైన తేదీ నుంచి 30 రోజుల్లోగా దరఖాస్తు ఢిల్లీలోని ఎన్నికల సంఘానికి చేరాలి. గడువు దాటితే తీసుకోరు. ఆ 30 రోజుల్లో 100 అఫిడవిట్లు పోగు చేయడం అయ్యే పని కాదు. అవి చేతిలో పడ్డాకే ఏర్పాటు తీర్మానం చేయండి.

ఒక్కో సభ్యుడూ తాను ఓటరునని, వేరే ఏ పార్టీలోనూ లేనని విడిగా అఫిడవిట్ ఇవ్వాలి. ఓటరు జాబితాలో ఇంటిపేరు ఒకలా, అఫిడవిట్‌లో ఇంకోలా ఉంటే కొర్రీ పడుతుంది. కాబట్టి 100 దగ్గర ఆగకుండా 120 మందివి తీసుకోండి. ఫీజు 10,000 రూపాయలు.

పార్టీ నియమావళిలో రాజ్యాంగానికి, సోషలిజం, సెక్యులరిజం, ప్రజాస్వామ్యాలకు కట్టుబడి ఉంటామన్న వాక్యం చట్టంలో ఉన్నది ఉన్నట్టు దించండి. సొంత తెలుగు సొగసులు అక్కడ వద్దు. ఐదేళ్లలోపు ఎన్నికల్లో పోటీ చేస్తామన్న హామీ కూడా అందులోనే ఉండాలి. ఆ తర్వాత పేపర్లలో ప్రకటన, అభ్యంతరాలకు 30 రోజులు. ఇదంతా నెలల వ్యవహారం.

(1982 మార్చిలో తెలుగుదేశం పుట్టేనాటికి ఈ 29ఏ లేదు. 1989లో వచ్చింది.)

గుర్తులగంప:
రిజిస్ట్రేషన్ దాటేవాళ్లు చాలామందే. బోల్తా పడేది గుర్తు దగ్గర. రిజిస్టరైనంత మాత్రాన గుర్తు రాదండీ. 1968 గుర్తుల ఉత్తర్వు 10బీ పేరా కింద ఉమ్మడి గుర్తుకు వేరే దరఖాస్తు పెట్టాలి. అసెంబ్లీ గడువు ముగియడానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు. కనీసం 5 శాతం స్థానాల్లో పోటీ చేస్తామని రాసివ్వాలి. 119లో 5 శాతమంటే మీకు ఆరుగురు అభ్యర్థులు.

ఏ పార్టీకీ రిజర్వు చేయని గుర్తుల (ఫ్రీ సింబల్స్) జాబితా నుంచి పది గుర్తులు వరుస క్రమంలో ఇవ్వండి. సొంతంగా మూడు బొమ్మలు గీసి పంపొచ్చు గానీ జంతువులూ పక్షులూ పనికిరావు. ముందు వచ్చినవాళ్లకే ముందు. 2024లో తమిళనాడు నామ్ తమిళర్ కట్చికి అలవాటైన చెరకు రైతు గుర్తు ముందుగా దరఖాస్తు పెట్టిన వేరే పార్టీకి పోయింది. వాళ్లు మైకుతో పోటీ చేయాల్సి వచ్చింది. దరఖాస్తులు మొదలయ్యే రోజునే మీ కాగితం అక్కడ ఉండాలి.

ఓరుగల్లు_ఓటరు:
అంతకుముందే స్థానిక ఎన్నికలొస్తే?

నిర్వాచన్:
వాటి లెక్క వేరు. అక్కడ గుర్తులిచ్చేది రాష్ట్ర ఎన్నికల సంఘం, దాని నిబంధనలు విడిగా చదువుకోండి. సర్పంచ్ ఎన్నిక పార్టీ గుర్తు మీద జరగదు, ఎంపీటీసీ, జడ్పీటీసీ, మున్సిపాలిటీలవి జరుగుతాయి.

గుర్తులగంప:
అసెంబ్లీ నామినేషన్‌కు గుర్తింపు పొందిన (తగినన్ని ఓట్లు, సీట్లు తెచ్చుకున్న) పార్టీ అభ్యర్థికి ఒక్క ప్రతిపాదకుడు చాలు. మీకు పదిమంది కావాలి, పదిమందీ ఆ నియోజకవర్గం ఓటర్లే. ఫలానా వ్యక్తి మా అభ్యర్థి అని పార్టీ తెలిపే ఫారం ఏ, ఫారం బీ నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం 3 గంటల్లోగా అందాలి. సంతకం సిరాతోనే, రబ్బరు స్టాంపు చెల్లదు.

గెలిచినా ఓడినా ఏటా ఆడిట్ లెక్కలు, 20,000 దాటిన విరాళాల నివేదిక ఇస్తూ ఉండండి. 2025 ఆగస్టులో ఆరేళ్లుగా పోటీ చేయని 334 పార్టీలను జాబితా నుంచి తీసేశారు.