చింతచెట్టు మీది దయ్యానికి కూడా సైన్స్ కావాలా?

హన్మకొండ_నాన్న:
మా పాప ఆరో తరగతి. దసరా సెలవులకు బడిలో ఒక ప్రాజెక్టు ఇచ్చారు. పెద్దల నమ్మకాలు ఐదు రాయాలి, ఒక్కోదాని పక్కన "దీని వెనక ఉన్న శాస్త్రీయ కారణం" రాయాలి. పాప నోట్‌బుక్ పట్టుకుని సీదా వాళ్ల నాయినమ్మ దగ్గరికి పోయింది. మా అమ్మది ములుగు దిక్కు పల్లె. చెరువుకట్ట దిగంగనే ఉండే చింతచెట్టు కథ ఎత్తుకుంది. రాత్రిపూట ఆ దారిన పోయేటోణ్ని చెట్టు మీద నుంచి ఒకామె పేరు పెట్టి పిలుస్తదట. మూడుసార్లు పిలిచినా పలకకపోతే వదిలేస్తదట. మా తాత రెండో పిలుపుకే "ఆఁ" అన్నాడట, వారం రోజులు జ్వరంతో లేవలేదట. పాప అంతా రాసుకుని, పెన్ను పట్టుకుని, "నాయినమ్మా, దీని వెనక సైన్స్ ఏంది?" అని అడిగింది. మా అమ్మ తడుముకోకుండా "సైన్సు లేదు బిడ్డా, దయ్యమే ఉన్నది" అన్నది.

నేను ఫోన్ తీసి వెతికితే, చెట్లు రాత్రి కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి, అందుకే చెట్టు కింద పడుకోవద్దని పెద్దలు దయ్యం పేరు చెప్పారు అని పది చోట్ల ఉంది. అదే రాయించాను. రాయించినప్పటి నుంచి మనసులో ఏదో గుచ్చుకుంటోంది. ప్రతి నమ్మకం వెనకా సైన్స్ ఉందని పిల్లలకు చెప్పడం కరెక్టేనా? మీరేమంటారు?

మన_సంప్రదాయం:
నూటికి నూరు పాళ్లు కరెక్ట్. మన పెద్దలు పిచ్చోళ్లు కాదు. అప్పట్లో జనానికి సైన్స్ భాషలో చెప్తే అర్థం కాదు కాబట్టి దయ్యం, దోషం అని చెప్పారు. చింతచెట్టు సంగతి మీరే రాశారు. ఉత్తరం దిక్కు తల పెట్టొద్దంటే భూమి అయస్కాంతం, రక్తంలో ఇనుము. చిన్నప్పుడు అందరం ఆడిన "కాళ్లగజ్జె కంకాళమ్మ" పాట ఉందే, అది పాట కాదు, కాళ్లకు గజ్జి వస్తే వరుసగా ఏ మూలిక వాడాలో చెప్పే మందుల చీటీ. ఒకటి పనిచేయకపోతే ఇంకోటి, ఏదీ పనిచేయకపోతే చివర్లో "కాలు తీసి కడగా పెట్టు", అంటే ఆపరేషన్! మన పిల్లలకు ఇది తెలియకపోవడమే దౌర్భాగ్యం.

ఫిజిక్స్_సారు_రిటైర్డ్:
ముప్పై ఏళ్లు ఇదే పాఠం చెప్పినవాణ్ని కాబట్టి రెండు ముక్కలు. చెట్టు రాత్రి కార్బన్ డయాక్సైడ్ వదిలే మాట నిజమే. కానీ మనిషి కూడా వదులుతాడు, రోజుకు సుమారు కిలో. ఆ లెక్కన చెట్టు కన్నా ముందు పక్కన పడుకున్న భార్యకు భయపడాలి. ఆరుబయట గాలి ఆడే చోట ఆకులు వదిలేది ఎక్కడా నిలవదు.

ఉత్తరం సంగతి. రక్తంలో ఇనుము మేకులోని ఇనుము లాంటిది కాదు, అయస్కాంతం దాన్ని లాగదు. ఎమ్మారై మిషన్‌లో సాధారణంగా ఉండే అయస్కాంత బలం 1.5 టెస్లా, భూమి అయస్కాంతం కన్నా 30 వేల రెట్లు పైనే. అందులో అరగంట పడుకుని లేచి బిల్లు చూసి బాధపడ్డవాళ్లున్నారు గానీ, రక్తం ఒక పక్కకు గుంజుకుపోయినవాళ్లు లేరు.

చింతచెట్టు గురించి నిజంగా చెప్పదగ్గ సైన్స్ వేరే ఉంది. చీకటి పడితే చింతాకులు ముడుచుకుంటాయి. పొద్దున గుబురుగా కనిపించిన చెట్టు రాత్రి వేరే చెట్టులా ఉంటుంది. పైన గబ్బిలాలు, తొర్రలో గుడ్లగూబ, కింద చెరువు నీళ్ల చప్పుడు. ఆ చోటికి ఒక దయ్యం రాకపోతేనే ఆశ్చర్యం. పాప చేత ఇది రాయించండి.

మన_సంప్రదాయం:
సార్, మీలాంటివాళ్లకు అన్నిట్లో తప్పులు వెతకడమే పని. రామప్ప గుడి ఇటుకలు నీళ్ల మీద తేలుతాయని మా తాతలు చెప్తే అప్పుడూ నవ్వారు. ఇవ్వాళ యునెస్కో వచ్చి 2021లో గుర్తింపు ఇచ్చింది కదా?

ఫిజిక్స్_సారు_రిటైర్డ్:
మంచి ఉదాహరణ ఇచ్చావు తమ్మీ. ఇటుక నీళ్లలో వేసి చూశారు, తేలింది, నమ్మాం. నేనడిగేది అదే. రక్తాన్నీ అట్లే పరీక్షించి చూశారు, గుంజుకుపోలేదు.

పరకాల_పత్తి:
సారు చెప్పింది సరే గానీ పెద్దల మాటలన్నీ ఒక్క గాటన కట్టొద్దు. నేను సేద్యం చేస్తా. నాకు కార్తెలు దయ్యం కథలు కావు, క్యాలెండర్. సూర్యుడి లెక్క, ఏడాదికి 27 కార్తెలు, ఒక్కోటి పదమూడు పద్నాలుగు రోజులు. రోహిణిలో రోళ్లు పగులుతాయంటే మే ఆఖరు ఎండ. మృగశిర అంటే జూన్ 8 అటూ ఇటూ, ఆ రోజు మా ఊర్లో చేపల కూర వండని ఇల్లుండదు. "ఉత్తర చూసి ఎత్తర గంప" అంటారు. అంటే సెప్టెంబర్ నడుమ ఉత్తర కార్తె కూడా వాన లేకుండా పోయిందంటే ఇక ఆశ వదులుకుని గంప నెత్తిన పెట్టుకుని బతకబో అని. దీంట్లో దోషం, శాంతి ఏమీ లేవు. వందల ఏళ్లు ఆకాశం చూసి మునిగినోళ్ల అనుభవం ఇది.

అయితే దాన్నే నమ్ముకుని కూర్చుంటే కూడా మునుగుతాం. 2023 జులై 27న మన ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. దానికి ఏ సామెత ఉంది? అందుకే నేను కార్తె చూస్తా, ఫోన్‌లో వాతావరణమూ చూస్తా. రెండూ తప్పినప్పుడు మాత్రం ఒకటే తిట్టు తిడతా.

జానపదం_పీజీ:
"కాళ్లగజ్జె" మందుల చీటీ అన్న ఫార్వర్డ్ నాకు ఈ ఏడాదిలోనే నాలుగుసార్లు వచ్చింది, అందుకే ఉండబట్టలేక రాస్తున్నా, కొంచెం పొడుగవుతుంది, తప్పుగా అనుకోకండి.

పాటను ఒకసారి నెమ్మదిగా అనుకోండి. "వేగుచుక్క వెలగమొగ్గ, మొగ్గ కాదు మోదుగ నీడ, నీడ కాదు నిమ్మల బావి..." ఒక మాట పట్టుకుని దాని మొదటి అక్షరం మీద ఇంకో మాటకు దూకుతుంది. మొగ్గకు మోదుగ, నీడకు నిమ్మల. అక్కడ మోదుగ ఎందుకొచ్చిందంటే మొగ్గలో "మొ" ఉంది కాబట్టి, గజ్జికి మందని కాదు. మా ఊర్లో మేం "మోదుగ నీడ" అనేవాళ్లం, నా రూమ్మేట్ "మోదుగ నీరు" అంటుంది, కాబట్టి ఆమెకు తర్వాతి మాట "నీరు కాదు" అని మొదలవుతుంది. నిజంగా మందుల చీటీ అయితే ఊరికో మందు మారుతుందా? కొంచెం ముందుకు పోతే "పండు కాదు పాపడ మీసం" అని వస్తుంది. మీసం ఏ రోగానికి రాస్తారో ఫార్వర్డ్ చేసినవాళ్లే చెప్పాలి.

ఇక ఆపరేషన్ సంగతి. ఈ పాట ఎట్లా ఆడతారో మర్చిపోయినవాళ్లకే ఆ అర్థం తోస్తుంది. పిల్లలు వరుసగా కాళ్లు చాపుకుని కూర్చుంటారు, ఒకరు పాడుకుంటూ ఒక్కో కాలునూ చేత్తో తాకుతూ పోతారు. పాట ఎవరి కాలు మీద ఆగితే వాళ్లు ఆ కాలు ముడుచుకోవాలి. "కాలు తీసి కడగా పెట్టు" అంటే ముడిచి పక్కన పెట్టుకోమని. అంతే! ఆట నియమం అది. నేల మీద కూర్చుని ఆడిన ఏ అవ్వను అడిగినా నవ్వుతుంది.

నాకు కోపం ఎందుకంటే, ఈ పాట ఇప్పటికే గొప్పది. రాయడం రాని తల్లులు అక్షరం మీద అక్షరం గొలుసు అల్లి, పిల్లలకు లెక్క, లయ, ఓపిక ఒకేసారి నేర్పారు. దాన్ని గజ్జి మందు చేస్తే గౌరవం పెరిగినట్టా? 1950లలో ఉస్మానియాలో జానపద గేయాల మీద పరిశోధన చేసిన బిరుదురాజు రామరాజు గారు మన దేవనూరు వారే. జానపద, గిరిజన విజ్ఞానానికి తెలుగు విశ్వవిద్యాలయం వాళ్ల పీఠం కూడా వరంగల్‌లోనే ఉంది. అంత దగ్గర పెట్టుకుని మనం వాట్సాప్‌లో నేర్చుకుంటున్నాం.

ఓరుగల్లు_పోరడు:
అక్కా సూపర్. నాది చిన్న డౌట్. తొంభైలలో తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసేవాళ్లు కదా, దాని వెనక ఏ సైన్స్? మా బాపుకు చదువు రాదు, పక్కింటి ఐదో తరగతి పిల్లగాడితో బొగ్గుతో రాయించిండట. వాడు "ఓ స్రీ రేపు రా" అని రాసిండు. రాత్రంతా మా నాయినమ్మకు ఒకటే టెన్షన్, ఒత్తు తప్పింది, దయ్యం ఒప్పుకుంటదో లేదో అని.

ఫిజిక్స్_సారు_రిటైర్డ్:
1991 జనాభా లెక్కల ప్రకారం అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో చదువొచ్చిన ఆడవాళ్లు మూడో వంతు కూడా లేరు. దయ్యానికి మాత్రం చదువొచ్చు. అన్నిటికన్నా ఆశ్చర్యం, రోజూ రాత్రి వచ్చి చదివి, రేపు రమ్మన్నారు కదా అని బుద్ధిగా తిరిగిపోయేది.

నర్సక్క_భూపాలపల్లి:
నవ్వుకుంటున్నారు, నవ్వుకోండి. నేను డ్యూటీలో చూసింది చెప్తా.

పొద్దున్నే ఒక పిల్లను తెచ్చిన్రు, పదేళ్లుంటాయి. రాత్రి కింద చాప మీద పడుకుంది. తెల్లవారుజామున కడుపునొప్పి అన్నదట, తర్వాత కనురెప్పలు వాలిపోయినయి, మాట ముద్దగా వచ్చింది. ఇంట్లోవాళ్లు గాలి సోకిందని యాపమండలతో దిగదుడిచి, తాయత్తు కట్టించి, కోడిని కోసి, అప్పుడు ఆటో ఎక్కించిన్రు. కరిచింది కట్లపాము. అది కరిస్తే నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా చాలాసార్లు కనపడదు, కాబట్టి పాము అన్న ఆలోచనే రాదు. విషం నరాల మీద పనిచేసి ఊపిరి ఆపుతది. ఆ పిల్ల బతికింది, ఊపిరి మిషన్ పెట్టి పెద్ద దవాఖానకు పంపితే బతికింది. ఇంకో గంట ఆలస్యమైతే నేను ఇక్కడ ఈ మాట రాసేదాన్ని కాదు.

మంత్రగాడి దగ్గర పాముకాటు తగ్గిందని చెప్పేవాళ్లు ఉంటారు, వాళ్లు అబద్ధం చెప్పట్లేదు. చాలా పాములకు విషం లేదు, విషమున్న పాము కూడా ఒక్కోసారి ఉత్త కాటు వేసి విషం దించదు. అవన్నీ మంత్రగాడి ఖాతాలో పడతయి. రాత్రి మెలకువ వచ్చి కాళ్లూ చేతులూ కదలక, ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు అనిపించడం కూడా అట్లాంటిదే. నిద్రలో కలల దశలో కండరాలు సడలిపోయి శరీరం కదలకుండా ఉంటది, మెదడు ముందు లేచి శరీరం లేవకపోతే ఒకటి రెండు నిమిషాలు అట్లుంటది. నాకూ నైట్ డ్యూటీలు వరుసగా పడ్డప్పుడు వచ్చింది. తెలిసినా భయమేసింది, అది వేరే సంగతి.

కథ చెప్పుకోండి, వద్దనను. కథ ఆటోకు అడ్డం పడొద్దు.

జగిత్యాల_వాసి:
అక్క చెప్పినదానికి ఒకటి కలుపుతా. 2022 జనవరిలో మా జగిత్యాలలో మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో ఒక తండ్రినీ ఇద్దరు కొడుకులనూ చంపారు. ఎవరో ఒకరికి జ్వరం వస్తుంది, ఎవరి గేదో పాలివ్వదు, ఇంకెవరి ఇంటికో వేలు చూపిస్తారు. మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ఇట్లాంటి వాటి మీద ప్రత్యేక చట్టాలు చేశాయి. "ప్రతి నమ్మకం వెనకా ఏదో కారణం ఉంటుంది" అనే మాట వినడానికి బాగుంటుంది. చేతబడి వెనక కూడా ఏదో ఉంటుంది అనుకునేవాడికి ఆ మాటే బలం.

మన_సంప్రదాయం:
నేను చేతబడిని సపోర్ట్ చేయలేదు, ఆ మాట నాకు అంటించకండి. పాముకాటుకు దవాఖానకే పోవాలి, అందులో రెండో మాట లేదు. కాళ్లగజ్జె సంగతి కూడా... ఇందాక మా అమ్మకు ఫోన్ చేసి అడిగా. కాలు ముడుచుకోవడమే అన్నది. సరే, ఒప్పుకుంటా.

కానీ నా బాధ కూడా వినండి. నా కొడుకు హైదరాబాద్‌లో ఇంగ్లిష్ మీడియం. మా అమ్మ దిష్టి తీస్తుంటే ఫోన్‌లో వీడియో తీసి ఫ్రెండ్స్‌కు పంపి నవ్వుతాడు. సైన్స్ ఉందిరా అంటే కనీసం ఒక్క నిమిషం ఆగి వింటాడు. ఉత్తదే అంటే ఇక వాడికి వాళ్ల నాయినమ్మతో మాట్లాడడానికి ఏం మిగులుతుంది? మీరంతా ఊర్లకు దగ్గరున్నారు కాబట్టి మీకు ఈ సమస్య లేదు.

జానపదం_పీజీ:
అన్నా, ఇది మాత్రం నిజమైన బాధ, దీనికి నా దగ్గర టకీమని చెప్పే జవాబు లేదు. ఒక్కటి చేసి చూడండి. ఈసారి వీడియో తీస్తే తీయనివ్వండి, కానీ దిష్టి తీసేటప్పుడు ఆమె ఏం గొణుగుతుందో రాసుకు రమ్మనండి. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి అని మొదలుపెట్టి ఊర్లో తనకు పడనివాళ్లందరినీ ఒక చుట్టు చుట్టి వస్తుంది మా అమ్మమ్మ అయితే. అది వింటే నవ్వు ఎట్లాగూ వస్తుంది, కానీ ఆమెతో కలిసి నవ్వుతాడు.

పరకాల_పత్తి:
దసరా అన్నారు కాబట్టి గుర్తొచ్చింది. పాలపిట్టను చూస్తే మంచిదని మేం చిన్నప్పుడు చేన్ల వెంట తిరిగేది. ఇప్పుడు కొందరు దాన్ని పట్టి పంజరంలో పెట్టి తెచ్చి పైసలకు చూపిస్తున్నరు. రాష్ట్ర పక్షి, 1972 వన్యప్రాణి చట్టం కింద పట్టడమే నేరం. పిట్ట కోసం చేనుకు పోవాలె గానీ పిట్టే బజారుకొస్తే ఇంకేం శుభం?

హన్మకొండ_నాన్న:
అందరికీ థాంక్స్. అప్‌డేట్ ఇస్తున్నా. రాత్రి పాపను కూర్చోబెట్టి కార్బన్ డయాక్సైడ్ కొట్టేయమన్నా. "మరి ఏం రాయాలి?" అన్నది. చింతాకు ముడుచుకోవడం గురించి చెప్తే చూస్తేగానీ రాయనన్నది. టార్చి పట్టుకుని ఇద్దరం కాలనీ చివర చింతచెట్టు దగ్గరికి పోయాం. నిజంగానే ఆకులన్నీ చేతులు జోడించినట్టు ముడుచుకుని ఉన్నాయి. పాప దగ్గరికి పోయి కొమ్మ వంచి చూస్తుంటే వెనక నుంచి ఎవరో నన్ను పేరు పెట్టి పిలిచారు. నిజం చెప్తున్నా, నేను పలకలేదు. రెండోసారి పిలిచినా పలకలేదు. మూడోసారికి భుజం మీద చెయ్యి పడింది, పక్క వీధి కిరాణా ఆయన, పాత బాకీ అడగడానికి.

"శాస్త్రీయ కారణం" గళ్లో పాప రెండు లైన్లు రాసింది: "చింతాకులు రాత్రి ముడుచుకుంటాయి, నేను చూశాను. దయ్యం సంగతి మా నాయినమ్మకు తెలుసు." టీచర్ ఏమంటారో సోమవారం బడి తెరిచాక తెలుస్తుంది. మా అమ్మ మాత్రం ఇప్పటికే రెండుసార్లు అడిగింది, నా దయ్యానికి ఎన్ని మార్కులేసిన్రు అని.