తమ్ముడి మోకాలి ఎంఆర్ఐ రిపోర్టు: మెనిస్కస్ గురించి తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. మా తమ్ముడికి 22 ఏళ్లు, కబడ్డీ ఆడతాడు. సంక్రాంతి పోటీల్లో కూతకు వెళ్లి వెనక్కి తిరిగేటప్పుడు కుడి మోకాలు మెలిపడింది. లోపల టప్‌మని చప్పుడైందన్నాడు. కాసేపటికే బాగా వాచిపోయింది.

ఎంఆర్ఐలో ఏసీఎల్ (మోకాలి లోపల తొడ ఎముకని, కాలి ఎముకని కలిపి ఉంచే లిగమెంట్) పూర్తిగా తెగిందని, మీడియల్ మెనిస్కస్ (మోకాలి లోపలి వైపు ఎముకల మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి) పోస్టీరియర్ హార్న్‌లో, అంటే దాని వెనక భాగంలో, గ్రేడ్ 3 టేర్ (చీలిక) ఉందని, కీలులో నీరు చేరిందని రాశారు. ఏసీఎల్ సంగతి అర్థమైంది, డాక్టర్ గారు కాలు లాగి చూసినప్పుడే అనుమానపడ్డారు. నా టెన్షనంతా మెనిస్కస్ గురించే. గ్రేడ్ 1, 2 అయితే లోపలి మార్పులేనని, 3 అంటే చీలిక పైదాకా వచ్చినట్టని చదివాను. బయటి అంచుకి రక్తప్రసరణ ఉంటుంది కాబట్టి అక్కడ చిరిగితే కుట్టొచ్చట. మరి మావాడిది కుట్టగలిగేదో, కత్తిరించాల్సిందో రిపోర్టు చూసి చెప్పగలరా, లేక ఆర్థ్రోస్కోపీలోనే (చిన్న కెమెరా పెట్టి కీలు లోపల చూసే ఆపరేషన్) తేలుతుందా? ఈ వయసులో ఆ భాగం తీసేస్తే ముందుముందు మోకాలు త్వరగా అరిగిపోతుందేమోనని భయంగా ఉంది.

వాపు తగ్గి, కాలు పూర్తిగా చాపగలిగాకే ఆపరేషన్ అన్నారు. ఏసీఎల్‌తో పాటు మెనిస్కస్‌కి కూడా కుట్లు వేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, ఎన్ని వారాలు బరువు మోపొద్దన్నారు? ఆపరేషన్‌కి ముందు సర్జన్ గారిని తప్పకుండా ఏం అడగాలి?