1950ల రాక్షస జీవుల సినిమాలు డిస్కుల్లో సేకరించేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

కొత్తబీరువా: గాడ్జిల్లా, రాక్షస చీమల 'దెమ్!', 'క్రీచర్ ఫ్రమ్ ది బ్లాక్ లగూన్', ఈ వరసలో పాతవి డిస్కుల మీద పోగేద్దామని పిచ్చి పట్టింది. అమెరికా బ్లూరేలు మన ప్లేయర్లో ఆడతాయా? దేనితో మొదలుపెట్టాలి? ఎలా దాచాలి? ఎనిమిదేళ్ల పాపకి చూపించొచ్చా? బడ్జెట్ అంతంత మాత్రమే, అది గుర్తుంచుకుని చెప్పండి.

రీజియన్‌రాజు: ఆడవు. బ్లూరేలకి ప్రపంచాన్ని రీజియన్లుగా విడదీసి, ఒకచోటివి ఇంకోచోటి ప్లేయర్లో ఆడకుండా లాక్ వేస్తారు. మనది రీజియన్ సి, అమెరికా, జపాన్ రెండూ ఎ, ఇంగ్లండ్ బి. డీవీడీ ప్లేయరైతే రిమోట్లో ఏదో కోడ్ నొక్కి లాక్ తీసేసేవాళ్లం, బ్లూరే దగ్గర చాలా ప్లేయర్లలో ఆ పప్పులుడకవు, లోపల మార్పు చేయించిన ప్లేయర్ కొనాల్సి వస్తుంది.

డల్లాస్‌డిస్క్: ఆడవు అని ఒక్క మాటలో తేల్చేస్తే ఎలా రాజుగారూ? అమెరికా డిస్కుల్లో లాక్ లేనివి బోలెడు. పాత మంచి సినిమాలు డిస్కులుగా వేసే క్రైటీరియన్ కంపెనీ వాళ్లవి మాత్రం ఎ లాక్. బ్లూరే కంటే స్పష్టంగా ఉండే 4కె డిస్కులకి అసలు రీజియనే లేదు, కానీ అదే డబ్బాలో వచ్చే బ్లూరేకి ఉంటుంది, ఎక్స్‌ట్రాలన్నీ సాధారణంగా అందులోనే ఉంటాయి. ఇక మొదలుపెట్టడానికంటే క్రైటీరియన్ 2019లో వేసిన గాడ్జిల్లా సెట్టే, వాళ్ల వరసలో 1000వ నంబరు విడుదల, 1954 నుంచి 75 దాకా 15 సినిమాలు, ఎనిమిది డిస్కులు. నా దగ్గరుంది, హాల్లో ఎదురుగానే పెట్టుకున్నా.

వైజాగ్‌టేపులు: బడ్జెట్ లేదన్నవాడికి బాక్స్ సెట్టా, బాగుంది. నా గోడు వేరు. సముద్రం గాలికి నా వీహెచ్ఎస్ టేపులన్నీ బూజు. టేపు డబ్బా మీది చిన్న కిటికీలోంచి చూస్తే రీలు అంచున తెల్లగా పొడి కనిపిస్తుంది. అలాంటి టేపు వీసీఆర్లో పెట్టారా, ఆ బూజు లోపల టేపుని చదివే హెడ్‌కి అంటుకుని తర్వాత పెట్టిన ప్రతి టేపుకీ పాకుతుంది. డిస్కులైనా సరే గోడకి ఆనించిన బీరువాలో పెట్టకండి, వానాకాలం అట్ట కవర్లు అప్పడాల్లా వంకర్లు తిరుగుతాయి. సిలికా జెల్ పొట్లాలు వేసి, అప్పుడప్పుడూ మారుస్తుండండి.

కాంగ్‌ఫ్యాన్: ఆ సెట్లో 'కింగ్ కాంగ్ వర్సెస్ గాడ్జిల్లా' (1962) జపాన్ వెర్షన్ ఉందా? అందులో గాడ్జిల్లా గెలుస్తుంది, అమెరికా వాళ్లు కాంగ్ గెలిచినట్టు మార్చేశారు. దాని కోసమే చూస్తున్నా.

లేజర్‌తాత: మళ్లీ అదే పాత పుకారు! లేజర్‌డిస్కులు పళ్లెమంత ఉన్న రోజుల నుంచి కొంటున్నా బాబూ, రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. రెండింట్లోనూ ఇద్దరూ సముద్రంలో పడతారు, కాంగ్ ఒక్కడే పైకి తేలి ఈదుకుంటూ పోతాడు. తేడా అల్లా, జపాన్ దాంట్లో చివర గాడ్జిల్లా అరుపు కూడా వినిపిస్తుంది, అమెరికా దాంట్లో కాంగ్ అరుపు ఒక్కటే.

కాంగ్‌ఫ్యాన్: అరుపు వినిపించింది అంటే బతికే ఉందనేగా? అప్పుడు కాంగ్ గెలిచినట్టెలా? మీరు చూశారని మేం నోరు మూసుకోవాలా?

లేజర్‌తాత: బతికుండటం వేరు, గెలవటం వేరు. ముందు డిస్క్ చూసి అప్పుడు వాదించు.

డల్లాస్‌డిస్క్: జపాన్ వెర్షన్ ఉంది, కాకపోతే చివరి డిస్కులో ఎక్స్‌ట్రాగా. సినిమాల వరసలో పెట్టింది అమెరికా వెర్షనే.

కాంగ్‌ఫ్యాన్: అసలుది ఎక్స్‌ట్రా, కోసి అతికించింది మెయినా! 1954 గాడ్జిల్లాకీ ఇదే గతి పట్టించారుగా, ఇషిరో హోండా డైరెక్ట్ చేసిన 96 నిమిషాల సినిమాని కోసేసి, మధ్యలో రేమండ్ బర్ అనే నటుణ్ని అమెరికా విలేకరిగా ఇరికించి, 1956లో 80 నిమిషాలకి కుదించి వదిలారు.

గిల్‌మ్యాన్: దాన్ని తిట్టేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి, అమెరికాలో గాడ్జిల్లా పేరు ఇంటింటికీ తెలిసింది దానివల్లే. సరే, మీరంతా లగూన్ వదిలేశారు. అది 1954లో తీసిందే 3డిలో. రాక్షసుడి సూట్లో నీళ్లలో ఉన్నది రికూ బ్రౌనింగ్, ఒడ్డున నడిచేది బెన్ చాప్‌మన్. సూట్లో ఆక్సిజన్ సిలిండర్ లేకుండా బ్రౌనింగ్ నిమిషాల తరబడి ఊపిరి బిగబట్టి ఈదాడు, ఫ్లోరిడాలో వకుల్లా స్ప్రింగ్స్ దగ్గర. అమ్మాయి పైన ఈదుతుంటే కింద వీడు వెల్లకిలా అదే లయలో ఈదే షాట్ 3డిలో చూడాలి అసలు. పెద్ద కంపెనీలేమో 2017కల్లా 3డి టీవీలు మానేశాయి. నా పాత టీవీ పాడైతే మెకానిక్ కాళ్లు పట్టుకుని బాగుచేయించుకున్నా.

రీజియన్‌రాజు: చిన్నప్పుడు ఎరుపు నీలం అట్ట కళ్లద్దాలు పెట్టుకుని చూశాం కదా, అదేనా?

గిల్‌మ్యాన్: కాదండీ బాబూ, ఆ ఎరుపు నీలం తర్వాత వచ్చిన గోల. మొదట థియేటర్లో చూపించింది పోలరైజ్డ్ (లేత బూడిద రంగు) కళ్లద్దాలతో. ఎరుపు నీలం కాపీ చూసి 3డి చెత్త అనేవాళ్లతో నేను మాట్లాడను.

వైజాగ్‌టేపులు: మాట్లాడొద్దులే. ఒక సైట్లో 'సీల్డ్' అని రాస్తే 'దెమ్!' డీవీడీ కొన్నా. కవరు కొత్తదే, లోపల డిస్క్ మీద కాంస్యం రంగు మరక, సినిమా సగంలో ఆగిపోయింది. వెనక్కి పంపితే తపాలా ఖర్చు నాదేనట, అది డిస్క్ ధర కంటే ఎక్కువ.

లేజర్‌తాత: అది డిస్క్ రాట్, అంటే డిస్క్ లోపలి పొర పాడైపోవటం, తుడిస్తే పోదు. పాతది చేతికొచ్చిన రోజే చివరిదాకా ఆడించి చూడాలి, వాపసు గడువు దాటాక ఏడ్చి లాభం లేదు. అయినా 'దెమ్!' డీవీడీ ఎందుకు? అందులో నలుచదరం బొమ్మ, 2015 బ్లూరేలో వెడల్పాటి బొమ్మ. 1954లో థియేటర్లు వెడల్పు తెరకి మారుతున్నాయి, వెడల్పుదే సరైనది.

వైజాగ్‌టేపులు: పైనా కిందా కోసేసిన బొమ్మ సరైనదా!

లేజర్‌తాత: కోయటానికి వీలుగానే తీశారు నాయనా. చీమ తలకాయ ఎక్కడా తెగలేదు, చూసుకో.

కొత్తబీరువా: అందరికీ థాంక్స్. పాప సంగతి?

డల్లాస్‌డిస్క్: 'ఇట్ కేమ్ ఫ్రమ్ బినీత్ ద సీ' (1955) పెట్టండి, బాగా నవ్వుకుంటుంది. బడ్జెట్ చాలక రాక్షస బొమ్మలు కదిలించే ట్రిక్కుల మాస్టర్ హ్యారీహౌసెన్ ఆక్టోపస్‌కి ఆరు చేతులే పెట్టాడు, మా వాడు లెక్కపెట్టి పట్టేశాడు. అన్నట్టు డిసెంబర్లో హైదరాబాద్ వస్తున్నా, ఎవరికైనా డిస్కులు కావాలంటే ఇప్పుడే చెప్పండి. బాక్స్ సెట్లు మాత్రం అడక్కండి, సూట్‌కేసులో చోటంతా మా ఆవిడదే.

కాంగ్‌ఫ్యాన్: బ్రో, ఆ చివరి డిస్క్ ఒక్కటీ ఇవ్వవా? చూసి ఇచ్చేస్తా.

డల్లాస్‌డిస్క్: సెట్ విడదీసేది లేదు.